కుక్కా, పిల్లీ ఉన్న ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెంపుడు జంతువులున్న నలుగురు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి తిండి, గోమార్లు, టీకాలు, "ఈ మాత్ర వెయ్యొచ్చా" దగ్గరికే వస్తుంది. ఆ ప్రశ్నలే ఇవి. కింద మందుల పేర్లు ఉన్నాయి గానీ మోతాదులు లేవు. కావాలనే వదిలేశాం. బరువు, వయసు, కిడ్నీల పరిస్థితి చూడకుండా మోతాదు చెప్పేవాళ్ళు ఎంత అనుభవజ్ఞులైనా సరే, వాళ్ళ మాట వినకండి.

మా కుక్క పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఏం మందు వెయ్యాలి?

ఇంకా ఏ మందూ వద్దు. ఒక పూట తినకుండా, నీళ్ళు తాగుతూ, పిలిస్తే తోక ఊపుకుంటూ వచ్చే పెద్ద కుక్కను గమనిస్తే చాలు. ఎండాకాలంలో చాలా కుక్కలు మధ్యాహ్నం తిండి మానేసి రాత్రి తింటాయి. కానీ గమనించడం అంటే ఊరికే చూస్తూ కూర్చోవడం కాదు, కొన్ని కొలతలు తీసుకోవాలి.

మొదటిది జ్వరం. ముక్కు పొడిగా ఉందనో, చెవులు వేడిగా ఉన్నాయనో జ్వరం తేల్చలేం. మెడికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు కొని దాన్ని కుక్కకే కేటాయించండి. కొనకు కొబ్బరినూనె రాసి, తోక పైకెత్తి, మలద్వారంలోకి సుమారు 2 సెంటీమీటర్లు మెల్లగా పెట్టి, బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. ఒకరు తలవైపు పట్టుకుంటే మంచిది. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకు 98.6 అలవాటు కాబట్టి 101.5 చూడగానే జ్వరం అనుకుని మాత్ర వేసేవాళ్ళు బోలెడుమంది. 103 దాటితే జ్వరం అనుకోవచ్చు. 104 దాటితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

రెండోది చిగుళ్ళు. పై పెదవి ఎత్తి చూడండి. గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు మళ్ళీ రంగు పుంజుకోవాలి. చిగుళ్ళు పాలిపోయినా, పసుపుగా మారినా, ఇటుక రంగుకు తిరిగినా ఆగకండి. పుట్టుకతో నల్ల చిగుళ్ళున్న కుక్కలకు కంటి కింది రెప్ప లాగి లోపలి రంగు చూడాలి.

మూడోది ఊపిరి. పడుకున్నప్పుడు నిమిషానికి 30 సార్లకు మించి డొక్క ఎగరకూడదు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఒకటి రెండుసార్లు లెక్కపెట్టి రాసుకోండి. జబ్బు చేసినప్పుడు పోల్చుకోవడానికి ఆ అంకె కావాలి.

మూడు నెలల లోపు కుక్కపిల్లలకు ఈ ఓపిక పనికిరాదు. రెండు పూటలు తినకపోతే వాటి రక్తంలో చక్కెర పడిపోతుంది. పిల్లి విషయం వేరే. పెద్ద పిల్లి, అందులోనూ లావుపాటిది, రెండు రోజులు తిండి మానేస్తే కొవ్వు కాలేయంలో పేరుకుని అదే ఒక పెద్ద జబ్బవుతుంది. పిల్లికి 24 గంటలే గడువు.

జ్వరం ఉంది. మనం వేసుకునే పారాసెటమాల్ సగం ముక్క వెయ్యొచ్చా?

వద్దు. పిల్లికైతే పావు ముక్క కూడా వద్దు. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే పని మనిషి కాలేయం చేసినట్టు పిల్లి కాలేయం చెయ్యలేదు. ఆ మందు రక్తాన్ని ఆక్సిజన్ మోయలేనిదిగా మార్చేస్తుంది. కొన్ని గంటల్లోనే చిగుళ్ళు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి. పొరపాటున వేసి ఉంటే అప్పుడే తీసుకెళ్ళండి. విరుగుడు మందు ఉంది, గంటలు గడిచేకొద్దీ దాని పట్టు తగ్గుతుంది.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల వల్ల కుక్కలకు కడుపులో పుళ్ళు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. నల్లటి తారులాంటి విరేచనం వచ్చేదాకా బయటికి తెలియదు. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తినే మన రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించింది అందుకే. మనిషికి పనిచేసిందంతా జంతువుకు పనిచేస్తుందన్న నమ్మకం ఎంత దూరం తీసుకెళ్తుందో దాన్నిబట్టే తెలుస్తుంది.

మా తాతల కాలం నుంచీ పెరుగన్నం పెట్టే పెంచాం. ఇప్పుడెందుకు సరిపోదు?

అప్పటి కుక్క పెరుగన్నం మీదే బతకలేదు. ఊరంతా తిరిగి ఎలుకల్నీ, మాంసం దుకాణం దగ్గర తుంపుల్నీ, గుడ్లనీ తినేది. మూడో అంతస్తు ఫ్లాట్‌లో గొలుసుకు కట్టిన కుక్కకు ఆ దారి లేదు. ఉత్త పెరుగన్నంలో మాంసకృత్తులు చాలవు. దాంతో వెంట్రుకలు రాలడం, చర్మం పొట్టు లేవడం, వెనక కాళ్ళ కండ తగ్గడం మొదలవుతాయి.

10 కిలోల పెద్ద కుక్కకు, మామూలుగా తిరిగేదైతే, రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి. ఇంట్లో వండేటట్టయితే ఎముకల్లేని ఉడికించిన చికెన్ 150 గ్రాములు, అన్నం 200 గ్రాములు, ఉడికించిన గుడ్డు ఒకటి, సొరకాయో గుమ్మడికాయో క్యారెట్టో 50 గ్రాములు. ఉప్పు, కారం, తాళింపు వెయ్యకూడదు. రెండు పూటలుగా పెట్టండి. ఎముకలు పెట్టడం లేదు కాబట్టి కాల్షియం లోటు పడుతుంది. కడిగి ఎండబెట్టి మెత్తగా పొడి కొట్టిన గుడ్డుపెంకు పావు నుంచి అర టీస్పూను రోజూ కలపండి. పైన రెండు చెంచాల పెరుగు వేసినా తప్పు లేదు. పాలు మాత్రం ఎదిగిన కుక్కల్లో చాలావాటికి అరగవు, విరేచనం పట్టుకుంటుంది.

శాకాహారుల ఇళ్ళలో గుడ్డుకు కూడా ఒప్పుకోకపోతే పనీరు, ఉడికించిన పెసరపప్పు కొంతవరకు పనికొస్తాయి, కానీ అందులో లెక్క తప్పే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు సమతూకంగా తయారైన డ్రై ఫుడ్ కొనడమే తేలిక. పిల్లిని మాత్రం శాకాహారిగా పెంచడం కుదరదు. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే రావాలి, లేకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి పిల్లలకు కాల్షియం సిరప్ సొంతంగా పోస్తుంటారు. పప్పీ ఫుడ్ తింటున్న పిల్లకు అది అదనం. ఎక్కువైన కాల్షియంతోనే ఎముకలు వంకర పోతాయి.

ఏవి అసలు పెట్టకూడదు?

ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనూ వద్దు. అవి ఎర్రరక్త కణాల్ని పగలగొడతాయి, వండినా ఆ గుణం పోదు. ఆదివారం బిర్యానీ మిగులులో ఉల్లి, మసాలా, ఉడికిన ఎముక మూడూ ఉంటాయి. ఉడికిన కోడి ఎముక సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, కిస్మిస్ కొన్ని కుక్కల కిడ్నీల్ని పాడుచేస్తాయి. ఏ కుక్కకు ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, కాబట్టి పాయసం గిన్నె నాకనివ్వకండి. షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్, కొన్ని రకాల పీనట్ బటర్లలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్క రక్తంలో చక్కెరను అరగంటలోనే పడగొట్టగలదు. మామిడి టెంక విషం కాదు, పేగుకు అడ్డం పడుతుంది. మే, జూన్ నెలల్లో ఆపరేషన్ చేసి తీసేవాటిలో అదీ ఒకటి.

చాక్లెట్ సంగతి రంగును బట్టి ఉంటుంది. మిల్క్ చాక్లెట్ చిన్న ముక్కతో 20 కిలోల కుక్కకు ఏమీ కాకపోవచ్చు. 50 గ్రాముల డార్క్ చాక్లెట్ 10 కిలోల కుక్క తింటే గుండె దడ, వణుకు, ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. తిన్న రెండు గంటల్లోపు డాక్టరు వాంతి చేయించగలరు. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే పద్ధతి మానుకోండి. ఉప్పు ఎక్కువై అదే ప్రాణం మీదికొస్తుంది.

టీకాలు ఎప్పుడెప్పుడు?

కుక్కపిల్లకు 6–8 వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బులకు కలిపి వేసే టీకా మొదలుపెట్టి, 3–4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా 12 వారాలకు, మళ్ళీ ఏడాదికి, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం. మనవైపు ఏటా వేయించడమే రివాజు, వీధికుక్కలు ఇన్ని ఉన్నచోట అదే మేలు. పిల్లులకు వాటికోసం వేరేగా ఉండే కలిపిన టీకా 8 వారాల నుంచి, రేబిస్ 12 వారాలకు.

ఒకే టీకాను ఇన్నిసార్లు ఎందుకంటే, తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకాను అది పనిచెయ్యనివ్వదు. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వారం తగ్గుతుంది. అందుకే చివరి డోసు 16 వారాలకో ఆ తర్వాతో పడాలి. "నెల పిల్ల, అన్ని టీకాలూ అయిపోయాయి" అని అమ్మేవాళ్ళు చెబితే నమ్మకండి. కార్డులో సీసా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకం ఉంటేనే టీకా పడినట్టు. టీకా 2–8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉండాలి. షాపులో కొని జేబులో పెట్టుకుని ఎండలో తెచ్చిన సీసా నీళ్ళతో సమానం.

పార్వో సోకితే పిల్లకు వాంతులు, దుర్వాసనతో నెత్తుటి విరేచనాలు, తల ఎత్తలేని నీరసం వస్తాయి. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌కు లొంగదు. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్ళు కలిపి, కడిగిన నేల మీద పోసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను వెంటనే తేవద్దు.

నట్టల మందు ఎన్నాళ్ళకోసారి?

రెండు వారాల వయసు నుంచి 12 వారాలదాకా రెండు వారాలకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. మందు బరువును బట్టి ఉంటుంది. తూకం తెలియకపోతే కుక్కను ఎత్తుకుని మిషను మీద నిలబడి, ఆ తర్వాత మీ బరువు తీసెయ్యండి. తల్లికీ పిల్లలకూ ఒకేసారి వెయ్యాలి. మలద్వారం చుట్టూ బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే అది బద్దెపురుగు. ఫ్లీ అనే గెంతే పురుగును మింగడం వల్ల వస్తుంది, ఫ్లీలు పోయేదాకా ఎన్నిసార్లు మందు వేసినా మళ్ళీ వస్తుంది. ఇంట్లో మట్టిలో ఆడే చిన్నపిల్లలుంటే ఈ తేదీలు అసలు తప్పించకండి. కుక్క ఏలికపాముల గుడ్లు మనుషుల కడుపులోకీ వెళ్తాయి.

ప్రతి వారం గోమార్లు ఏరుతున్నాం, అయినా తగ్గడం లేదు. ఎందుకు?

మీరు ఏరేది ఉన్నవాటిలో కొద్ది భాగమే కాబట్టి. మన ఇళ్ళలో కనిపించే గోమారి, కొన్నిచోట్ల పిడుదు అంటారు, పుట్టినప్పటి నుంచి చచ్చేలోగా మూడుసార్లు కుక్క ఎక్కి దిగుతుంది. ప్రతిసారీ రక్తం తాగి రాలిపోయి గోడ బీటలో, తలుపు చట్రం వెనక, సోఫా కుట్టులో దాక్కుని తర్వాతి దశకు మారుతుంది. కడుపు నిండి బూడిద రంగు గింజలా ఉబ్బిన ఆడది నేల మీద కాదు, గోడ ఎక్కి పగుళ్ళలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఇంటి బయటికి వెళ్ళకుండానే దాని బతుకంతా గడిచిపోతుంది.

అందుకని పని రెండువైపులా, కనీసం మూడు నెలలు వరసగా జరగాలి. కుక్కకు ఫ్లూరలానర్, అఫోక్సోలానర్ వంటి నమిలే మాత్ర డాక్టరు చెప్పిన బరువుకు వెయ్యాలి. మొదటిది సుమారు 12 వారాలు, రెండోది నెల రోజులు పనిచేస్తాయి. ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్కయితే ఆ సంగతి ముందే చెప్పండి. మాత్ర వేశాక కూడా గోమారి కనిపిస్తుంది, అది కుట్టి మందు తాగి చస్తుంది. "పనిచెయ్యలేదు" అని వారానికే మందు మార్చెయ్యడం మామూలుగా చేసే పొరపాటు. ఇంటివైపు పగుళ్ళు సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చండి, పక్కగుడ్డలు వేడినీళ్ళలో ఉతకండి, కుక్క పడుకునే మూలను వారానికి రెండుసార్లు వాక్యూమ్ చేసి ఆ చెత్తను బయట పారెయ్యండి. పురుగుమందు కొట్టిస్తే నేల పూర్తిగా ఆరేదాకా జంతువుల్ని లోపలికి రానివ్వకండి. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి రాయకూడదు, రాసిన కుక్క పక్కన పిల్లిని పడుకోనివ్వకూడదు. ఒళ్ళంతా వణికి ఫిట్స్ వస్తాయి.

ఒంటి మీదున్నదాన్ని తీసేటప్పుడు కొన సన్నగా ఉన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. కిరోసిన్ పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వల్ల అది లోపలి ద్రవాన్ని కుక్క ఒంట్లోకే కక్కుతుంది. గోటితో చిదమకండి, స్పిరిట్‌లో వెయ్యండి.

గోమారి ద్వారా వచ్చే ఎర్లికియా, బబీసియా జ్వరాలే అసలు ప్రమాదం. కుక్క తిండి మానేస్తుంది, జ్వరం 104 దాకా పోతుంది, పొట్ట మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. బబీసియా అయితే మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది. గోమారి కనబడకపోయినా ఈ జ్వరం ఉండొచ్చు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి. నాలుగో రోజుకు కుక్క లేచి తిరుగుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. లోపల మిగిలిన సూక్ష్మజీవి నెలల తర్వాత ఎముక మజ్జ మీద పడుతుంది, అప్పుడు నయం చెయ్యడం చాలా కష్టం. ఇంకో సంగతి, ఆ మాత్రను పెరుగన్నంలో కలపకండి. పెరుగులోని కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. చికెన్ ముక్కలో పెట్టి, వెంటనే నీళ్ళు తాగించండి. పొడిగా గొంతులో నిలిచిపోతే పుండు పడుతుంది.

ఎండాకాలంలో నడకకు ఎప్పుడు తీసుకెళ్ళాలి? బొచ్చు గొరిగించాలా?

రోహిణి కార్తె రోజుల్లో పొద్దున ఆరున్నరలోపు ఇంటికి తిరిగి రావాలి. సాయంత్రం సూర్యుడు దిగినా తారు రోడ్డు ఇంకా వేడి కక్కుతూనే ఉంటుంది. అరచేతి వెనక భాగాన్ని 7 సెకన్లు రోడ్డుకు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనకూడదు. హస్కీ, గోల్డెన్ లాంటి రెండు పొరల బొచ్చున్నవాటికి గుండు కొట్టించొద్దు, దువ్వి లోపలి మెత్తని బొచ్చు తీసేస్తే చాలు. కుక్కకు రోజుకు కిలో బరువుకు 50–60 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి, ఎండల్లో ఇంకా ఎక్కువ. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కువాటిని ఫ్యాన్ కూడా లేని గదిలో మధ్యాహ్నం వదిలెయ్యడం, ఏ కుక్కనైనా ఆగిన కారులో పది నిమిషాలు ఉంచడం ప్రాణాపాయమే.

వడదెబ్బ తగిలితే ఆగకుండా వగరుస్తుంది, జిగట చొంగ కారుతుంది, నాలుక ఎర్రబడుతుంది, తూలుతుంది. నీడకు తెచ్చి, కుళాయి నీళ్ళు ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య పోస్తూ ఫ్యాన్ గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి వదిలెయ్యకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ముందు చల్లబరచడం, తర్వాతే ప్రయాణం. వేడి 103.5కు దిగగానే నీళ్ళు ఆపండి, లేకపోతే మరీ పడిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. కిడ్నీ, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు.

కుక్క కరిచింది, కానీ టీకాలు వేయించిన మన కుక్కే. ఏం చెయ్యాలి?

ఎవరి కుక్కయినా మొదటి పని ఒకటే. కుళాయి కింద సబ్బుతో గాయాన్ని 15 నిమిషాలు, గడియారం చూసుకుని కడగాలి. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టకండి. కుట్లు వెంటనే వేయించకండి, కట్టు గట్టిగా కట్టకండి.

రక్తం రాకుండా గోరు గీరితే, బట్ట లేని చర్మం మీద చిన్నగా కొరికితే మనిషికి రేబిస్ టీకా కావాలి. రక్తం వచ్చిన కాటు, పుండు మీదో కంట్లోనో నోట్లోనో పడిన చొంగ అయితే టీకాతో పాటు గాయంలోకే ఇమ్యూనోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా పడాలి. తరచుగా వదిలేసేది ఇదే. టీకా రక్షణ తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆలోపు వైరస్‌ను గాయం దగ్గరే ఆపేది ఆ ఇమ్యూనోగ్లోబులిన్. ఇమ్యూనోగ్లోబులిన్‌ను మొదటి టీకా రోజునే వేయించాలి, కుదరకపోతే ఆ టీకా పడిన ఏడు రోజుల్లోపు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం పొరలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు (మొదటి డోసు పడిన రోజే 0). కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28. కండకు వేసేది భుజానికే, చంటిపిల్లలకైతే తొడకు. పిరుదుకు వెయ్యకూడదు. గతంలో పూర్తి కోర్సు తీసుకున్నవాళ్ళకు 0, 3 రోజుల్లో రెండు చాలు, ఇమ్యూనోగ్లోబులిన్ అక్కర్లేదు. గర్భిణులు, బాలింతలు కూడా తప్పకుండా వేయించుకోవాలి. పొట్ట చుట్టూ 14 ఇంజెక్షన్లు ఎప్పుడో పోయాయి, ఆ భయంతో మానేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

కరిచిన కుక్క లేదా పిల్లి కళ్ళెదుటే ఉంటే పది రోజులు గమనించాలి. పదో రోజుకూ ఆరోగ్యంగా ఉంటే కాటు వేసిన నాటికి దాని చొంగలో రేబిస్ లేదని అర్థం, మిగతా డోసుల సంగతి డాక్టరు నిర్ణయిస్తారు. గమనిస్తూనే టీకా మొదలుపెట్టాలి, పదో రోజుదాకా ఆగి కాదు. లక్షణాలు కనిపించాక రేబిస్‌కు చికిత్స లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఈ విషయంలో అందరికీ తెలిసిన చోట్లు. మిగతా ఊళ్ళలో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి ఇమ్యూనోగ్లోబులిన్ ఉందో లేదో ముందే అడగండి. నాటుమందు, మంత్రం దగ్గర ఆగకండి.

పిచ్చికుక్క కరిచిన గేదె పాలు తాగేశాం. టీకా వేయించుకోవాలా?

కాచిన పాలైతే భయం లేదు. ఆ గేదె నోట్లో చెయ్యి పెట్టి మందు పోసినవాళ్ళు మాత్రం తప్పకుండా వెళ్ళాలి.

మగపిల్లి మాటిమాటికీ లిట్టర్ డబ్బాలో కూర్చుని ముక్కుతోంది. మలబద్ధకమా?

మూత్రం ఆగిపోయిందేమో ముందు చూడండి. ఇసుకలో తడి ముద్దలు ఉన్నాయా? మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం, ఇసుకలాంటి రేణువులు గానీ జిగట ముద్ద గానీ అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అరుస్తూ, కింది భాగం నాక్కుంటూ, చుక్క చుక్కగా కూడా రాకపోతే అది అర్ధరాత్రయినా ఆగే పని కాదు. ఆముదం తాగించి కూర్చోకండి. అడ్డు తొలగించాక మళ్ళీ రాకుండా తడి ఆహారం, నాలుగైదు చోట్ల నీళ్ళ గిన్నెలు పెట్టాలి.

కోడలు గర్భవతి. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు.

ఇవ్వక్కర్లేదు. కడుపులోని బిడ్డకు హాని చేస్తుందని భయపడే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలంలో బయటికి వచ్చాక 1–5 రోజులకు గానీ అంటుకునే స్థితికి రాదు. రోజూ డబ్బా శుభ్రం చేస్తే ఆ అవకాశమే ఉండదు. ఆ పని ఇంకొకరు చెయ్యాలి, ఎవరూ లేకపోతే గ్లవుజులు వేసుకుని చేసి చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సగం ఉడికిన మాంసం, కడగని ఆకుకూరలు, తోట మట్టి వీటికంటే పెద్ద దారులు. వాటి గురించి ఎవరూ మాట్లాడరు.

ఆడకుక్కకు ఆపరేషన్ ఒకసారి ఈనాకే చేయించాలంటారు, నిజమేనా?

నిజం కాదు. ఒకసారి ఈనడం వల్ల దాని ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. మొదటి ఎదకు ముందు చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు చాలా తగ్గుతుంది. పెద్ద జాతులకు కీళ్ళ ఎదుగుదల చూసి కొంచెం ఆలస్యం చేస్తారు, డాక్టరుతో మాట్లాడండి. చేయించనివాటికి వయసు మళ్ళాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు. ఎద అయిన నెల, రెండు నెలలకు విపరీతంగా నీళ్ళు తాగుతూ, తిండి మానేసి, పొట్ట ఉబ్బితే అదే అనుమానించండి. చీము బయటికి కారకపోతే ఇంకా ప్రమాదం.

దీపావళికి వణికిపోతోంది. నిద్రమాత్ర వెయ్యాలా?

సొంతంగా వద్దు. కొన్ని మత్తు మందులు ఒంటిని కదలనివ్వవు గానీ భయాన్ని తగ్గించవు. వారం ముందే డాక్టర్ని అడిగితే సరైనది రాసి, ఒకసారి ముందుగా వేసి చూడమంటారు. ఆ రోజు చీకటి పడకముందే నడిపించి తెచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టండి. మంచం కింద దూరితే లాగకండి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు ఉండాలి. కుక్కలు తప్పిపోయే రాత్రి అదే.

అపార్ట్‌మెంట్ సంఘం కుక్క వద్దంటోంది. లిఫ్టు ఎక్కనివ్వడం లేదు.

పెంపుడు కుక్కల్ని నిషేధించే, జాతిని బట్టి వద్దనే, లిఫ్టు ఆపే అధికారం సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. పట్టీ కట్టి తిప్పమనీ, మలం ఎత్తమనీ అడగడం మాత్రం న్యాయమే, గొడవల్లో సగం అక్కడే పుడతాయి. కవరు జేబులో పెట్టుకునే అలవాటున్నవాళ్ళకు నోటీసులు తక్కువ వస్తాయి. వీధికుక్కల సంగతి 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల కిందికి వస్తుంది. ఆ నిబంధనల ప్రకారం మామూలుగా ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి తెచ్చినచోటే వదలాలి. తిండి పెట్టే చోటు మెట్లకు, గేటుకు, పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా ఉండాలి.

రైల్లో తీసుకెళ్ళొచ్చా? అమెరికాకు?

రైల్లో ఫస్ట్ ఏసీ కూపే గానీ, నాలుగు బెర్తుల క్యాబిన్ మొత్తం గానీ మీ పేరునే ఉంటే మీతో పాటు రావచ్చు. లేకపోతే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు బ్రేక్‌వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో పంపాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్లలో కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ పెట్టె ఆలోచన మానుకోండి.

అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు మార్చింది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ ఉండాలి, సీడీసీ (అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ) దిగుమతి ఫారం నింపాలి. భారత్ రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి ఇక్కడ టీకా వేసిన కుక్కలకు అదనపు పత్రాలు, రక్తంలో రేబిస్ రక్షణ కొలిచే పరీక్ష కావాలి, లేదంటే అక్కడ క్వారంటైన్. చాలామంది తప్పేది వరసలో. ముందు మైక్రోచిప్, తర్వాతే రేబిస్ టీకా. చిప్‌కు ముందు వేసిన టీకాను లెక్కలోకి తీసుకోరు. ప్రయాణానికి ఆరు నెలల ముందు మొదలుపెడితే గాబరా ఉండదు.

రాత్రిపూట డాక్టరు దొరకకపోతే ఏవి పొద్దుటిదాకా ఆగుతాయి, ఏవి ఆగవు?

ఒకటి రెండు వాంతులు చేసుకుని హుషారుగా ఉన్న పెద్ద కుక్క ఆగుతుంది. ఆరు గంటలు తిండి ఆపి, 10 కిలోల కుక్కకు అరగంటకోసారి రెండు మూడు టేబుల్ స్పూన్ల ఓఆర్ఎస్ చొప్పున ఇచ్చి, నిలిచాక మెత్తటి అన్నం, ఉడికించిన చికెన్ కొద్దిగా పెట్టండి. చిన్న కుంటుడు, చెవి గోక్కోవడం ఆగుతాయి.

పొట్ట డ్రమ్ములా బిగుసుకుని, ఊరికే ఓకరిస్తూ ఏమీ బయటికి రాని పెద్ద కుక్క ఆగదు, కడుపు మెలిపడి ఉండొచ్చు. 5 నిమిషాలు దాటిన ఫిట్స్, నెత్తుటి విరేచనం, ఊపిరి అందకపోవడం, పాము కాటు, విషం తిన్న అనుమానం, మూత్రం ఆగిన పిల్లి కూడా ఆగవు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో, హైదరాబాద్ నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలో నిపుణులు ఉంటారు. వాటి వేళలు, మీ ఊళ్ళో రాత్రి తెరిచి ఉంచే క్లినిక్ నంబరు ఈరోజే కనుక్కుని ఫ్రిజ్ తలుపు మీద అంటించుకోండి.

ఫోన్ చేసినప్పుడు వరసగా బరువు, వయసు, ఆఖరి టీకా తేదీ, వేడి ఎంత, చిగుళ్ళ రంగు, ఎప్పటి నుంచి, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ఇప్పటిదాకా ఏ మందు ఎంత వేశారో చెప్పండి. సొంతంగా వేసిన మందు దాచకండి. వెళ్ళేటప్పుడు ఆ మందు రేకు, వాంతి ఫోటో, ఫిట్స్ అయితే వీడియో, చిన్న డబ్బాలో మలం నమూనా పట్టుకెళ్ళండి.